అద్దె ఇంటి మీద పెట్టే ఖర్చు: వెంట వచ్చేదెంత, గోడకు ఉండిపోయేదెంత?

అద్దె ఇల్లు కుదిరిందనగానే చాలా కుటుంబాలు గోడల రంగు గురించి, సోఫా గురించి మాట్లాడుకోవడం మొదలుపెడతాయి. అసలు లెక్క అంతకుముందే మొదలైపోయి ఉంటుంది. బెంగళూరులో నెలకు రూ.20,000 అద్దెకు రెండు పడగ్గదుల ఫ్లాటు తీసుకున్న దంపతుల సంగతే చూస్తే, అక్కడి ఆనవాయితీ ప్రకారం అడ్వాన్సు కింద ఐదు నుంచి పది నెలల అద్దె అడుగుతారు. తక్కువలో తక్కువ ఐదు నెలలే అనుకున్నా లక్ష రూపాయలు. బ్రోకరుకు ఒక నెల అద్దె, మొదటి నెల అద్దె, సామాన్ల లారీ ఖర్చు కలిపితే మరో యాభై వేలు. ఇంట్లో ఒక్క కుర్చీ వేయకముందే లక్షన్నర చేజారిపోతుంది. హైదరాబాద్‌లో అడ్వాన్సు సాధారణంగా రెండు మూడు నెలలకు మించదు కాబట్టి భారం కాస్త తక్కువ. లెక్క తీరు మాత్రం అదే.

ఆ తర్వాత మిగిలిన ముప్ఫయ్యో నలభయ్యో వేలతో ఇంటిని మనుషులు ఉండేలా చేసుకోవాలి. ఇది కొద్దిమంది సమస్య కాదు. 2011 జనగణన ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాల్లో 27.5 శాతం అద్దె ఇళ్లలోనే ఉన్నాయి. కానీ ఇంటి అలంకరణ గురించి పత్రికల్లో, వీడియోల్లో వచ్చే సలహాల్లో చాలా భాగం సొంతింటివారికి పనికొచ్చేవే. ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్, గోడలో అమర్చే అల్మారాలు అద్దెదారుకు ఆస్తి కావు. ఇంటి యజమానికి ఇచ్చే బహుమతి అవుతాయి. అందుకే అద్దె ఇంట్లో ఏ ఖర్చుకైనా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ వస్తువు ఇల్లు ఖాళీ చేసే రోజున వెంట వస్తుందా, ఇక్కడే ఉండిపోతుందా?

పదకొండు నెలల లెక్క

దేశంలో అద్దె ఒప్పందాలు ఎక్కువగా పదకొండు నెలలకే ఎందుకు ఉంటాయో చాలామందికి తెలిసిందే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికి ఇరుపక్షాలూ పదకొండు నెలలతో సరిపెట్టుకుంటాయి. తర్వాత పొడిగించడం మామూలే అయినా, కాగితం మీద అద్దెదారుకు ఉన్న భరోసా ఆ పదకొండు నెలలే.

కాబట్టి గోడకు, నేలకు అతుక్కుపోయే ఏ ఖర్చునైనా పదకొండుతో భాగించి చూడాలి. సొంత డబ్బు రూ.16,500 పెట్టి ఇల్లంతా రంగు వేయిస్తే, నెలకు రూ.1,500 అద్దె తనకు తానే పెంచుకున్నట్టు. ఇరవై వేల ఇల్లు ఇరవై ఒక్క వేల ఐదు వందల ఇల్లవుతుంది. ఆ ధరకు రంగు వేసి ఉన్న మరో ఇల్లు అదే వీధిలో దొరికేదేమో. వెంట తీసుకెళ్లగలిగే వస్తువుకు ఈ లెక్క వర్తించదు, దాని ఖర్చును దాని ఆయుష్షుతో భాగించాలి. రూ.9,000 పెట్టి కొన్న ఇనుప మంచం పదేళ్లు వస్తే నెలకు పడేది డెబ్బై ఐదు రూపాయలే.

చట్టం కూడా దాదాపు ఇదే గీత గీసింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ యజమాని, అద్దెదారుల హక్కులు బాధ్యతలను చెబుతుంది. దాని ప్రకారం అద్దెదారు తాను బిగించుకున్నవాటిని విప్పి తీసుకెళ్లొచ్చు. అయితే ఇల్లు తన స్వాధీనంలో ఉన్నంతవరకే ఆ హక్కు. ఇంటిని తాను తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి. అంటే తాళంచెవి చేతులు మారాక ‘ఆ గీజరు నాదండీ’ అంటే చట్టం కూడా పెద్దగా ఆదుకోదు. యజమాని ఒప్పుకోకుండా శాశ్వత కట్టడాలు కట్టకూడదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు మాత్రం అద్దెదారు బాధ్యుడు కాదు.

ఇవన్నీ ఒప్పందంలో వేరేగా రాసుకోనప్పుడు వర్తించే నియమాలు. జిరాక్సు సెంటర్లో దొరికే అచ్చు ఒప్పందాల్లో ‘అద్దెదారు చేయించిన మార్పులన్నీ యజమానికే చెందును’ అన్న వాక్యం ఉండవచ్చు. అది చూడకుండా సంతకం పెడితే 108వ సెక్షన్ ఇచ్చిన వెసులుబాటు పోయినట్టే.

మరమ్మతు ఎవరి పని

డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు చేయాల్సిన మొదటి పొదుపు, తమది కాని ఖర్చును తమ నెత్తిన వేసుకోకపోవడం. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ విషయంలో స్పష్టమైన పట్టిక ఇచ్చింది. గోడలకు సున్నం వేయించడం, తలుపులకు కిటికీలకు రంగు, నీటి పైపుల మార్పు, కరెంటు వైరింగు, కట్టడానికి సంబంధించిన మరమ్మతులు యజమాని వంతు. కుళాయిలు, వాటి వాషర్లు, స్విచ్‌లు, సాకెట్లు, గీజరు మరమ్మతు, తలుపు గడియలు, పగిలిన కిటికీ అద్దాలు, డ్రైనేజీ శుభ్రం చేయించడం అద్దెదారు వంతు. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని కూడా అందులో ఉంది.

ఇది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది. ఉత్తరప్రదేశ్ 2021లో తెచ్చిన చట్టంలో రెండు నెలల పరిమితి పెట్టింది. తమిళనాడు 2017 చట్టం మూడు నెలలు అంటుంది. చట్టం లేనిచోట కూడా ఈ పట్టిక బేరానికి మంచి ఆధారం. ‘కేంద్రం తయారుచేసిన నమూనాలోనే వైరింగు మీ వంతు అని ఉంది కదండీ’ అని చెప్పడంలో తప్పు లేదు.

బేరానికీ ఒక సమయం ఉంది. టోకెన్ డబ్బు ఇవ్వకముందు అద్దెదారు మాటకు ఉన్న విలువ, సామాను దించాక ఉండదు. ఆ సమయంలో చాలామంది అద్దెలో ఐదొందలు తగ్గించమని అడుగుతారు. దానికి యజమాని సులభంగా ఒప్పుకోడు, ఎందుకంటే వచ్చే ఏడాది పెంపు కూడా ఆ తగ్గిన అద్దె మీదే ఉంటుంది. అదే ‘అద్దె మీరన్నంతే ఇస్తాం, హాలుకు రంగు వేయించి, వంటింట్లో ఒక పదహారు ఆంపియర్ల సాకెట్ పెట్టించండి’ అంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. అది ఆయన ఇంటికి పెట్టుబడి కదా.

రంగు కంటే ముందు చెమ్మ

తప్పనిసరై సొంత ఖర్చుతోనే రంగు వేయించాల్సి వస్తే మొదట చూడాల్సింది చెమ్మ. పెచ్చులూడుతున్న, తెల్లగా ఉప్పు పొంగుతున్న గోడ మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఒక్క వానాకాలంలో ఊడిపోతుంది. చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఒక అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు వదిలేయాలి. గోడవైపు నీటి చుక్కలు పడితే తడి గోడ లోపలి నుంచి వస్తోంది. పక్క బాత్‌రూం పైపో, బయటి గోడ పగులో, పైఅంతస్తు లీకో కారణం కావచ్చు. అది యజమాని చేయించాల్సిన పని, అది అయ్యేదాకా రంగు డబ్బాకు ఖర్చు పెట్టడం దండగ. గదివైపు చుక్కలు ఉంటే గదిలోని తేమే గోడ మీద చేరుతోందని అర్థం. కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను తిప్పితే చాలావరకు తగ్గుతుంది.

ఇల్లంతా వేయించాల్సిన అవసరం కూడా లేదు. పది అడుగులు పన్నెండు అడుగుల గది, పదడుగుల ఎత్తు ఉంటే నాలుగు గోడలు కలిపి 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే నాలుగు వందలు. డబ్బా మీద లీటరుకు ఎన్ని చదరపు అడుగులు వస్తుందో రాసి ఉంటుంది కాబట్టి ఎన్ని లీటర్లు కావాలో మేస్త్రీ చెప్పేదాకా ఆగకుండా లెక్కేసుకోవచ్చు. ఎక్కువసేపు గడిపే గది ఒక్కటి వేసుకుని, మిగతా గోడలను తడిగుడ్డతో తుడవడం చాలామందికి సరిపోతుంది. అయితే పాత డిస్టెంపర్ గోడను తడిగుడ్డతో తుడిస్తే రంగే చేతికొస్తుంది, ముందు ఒక మూల చూసుకోవాలి. గోడలో మేకులు కొట్టొద్దన్న ఇళ్లలో అంటించే హుక్కులు వాడతారు. ఈ డిస్టెంపర్ గోడల మీద అవి బరువు ఆపలేవు, ఊడేటప్పుడు రంగు పొరను కూడా లాక్కొస్తాయి. టైల్స్ మీద, చెక్క తలుపు వెనుక, ఇనుప బీరువా పక్కన అయితే బాగా పనిచేస్తాయి.

బెంగళూరులో మరో ఆనవాయితీ ఉంది. ఖాళీ చేసేటప్పుడు రంగుల కోసమని ఒక నెల అద్దె అడ్వాన్సులో కోసేసుకుంటారు. దిగేటప్పుడు సొంత ఖర్చుతో రంగు వేయించుకుని, వెళ్లేటప్పుడు ఈ కోత కూడా భరిస్తే ఒకే గోడకు రెండుసార్లు డబ్బు కట్టినట్టు. రంగు తామే వేయించుకుంటున్నామని, అందువల్ల ఆ కోత ఉండదని ఒప్పందంలో ఒక్క వాక్యం రాయించుకుంటే నెల అద్దె మిగులుతుంది. మొత్తం వ్యవహారంలో ఇంతకంటే చౌకగా వచ్చే ఆదా మరొకటి లేదు.

వెలుతురు, గాలి, కరెంటు

తక్కువ డబ్బుతో ఇంటి రూపు మార్చేది రంగు కంటే వెలుతురే. చోకు ఉన్న పాత ట్యూబ్‌లైటు యాభై వాట్ల దాకా లాగుతుంది. దాని స్థానంలో ఇరవై వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ పెడితే గది ఇంకా ప్రకాశవంతంగా ఉంటుంది, వెళ్లేటప్పుడు రెండు స్క్రూలు విప్పి తీసుకెళ్లొచ్చు.

ఫ్యాన్ల విషయం ఇంకాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇంటి యజమానులు బిగించి ఇచ్చే పాత ఫ్యాన్లు ఒక్కొక్కటీ సుమారు డెబ్బై ఐదు వాట్లు తీసుకుంటాయి. బీఎల్‌డీసీ ఫ్యాన్లు ముప్ఫై వాట్లతోనే తిరుగుతాయి. రోజుకు పదిహేను గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు తిరిగే ఫ్యాను మీద రెండు వందల యూనిట్లు మిగులుతాయి. యూనిట్‌కు ఆరు రూపాయలు వేసుకున్నా ఏడాదికి రూ.1,200. శ్లాబుల పద్ధతిలో తగ్గే యూనిట్లు పైశ్లాబు నుంచే తగ్గుతాయి కాబట్టి అసలు ఆదా ఇంకా ఎక్కువ ఉండొచ్చు. మూడు వేల రూపాయల ఫ్యాను రెండున్నరేళ్లలో తన ఖరీదు రాబడుతుంది. పదకొండు నెలల కంటే ఇది ఎక్కువే, కానీ ఫ్యాను వెంట వస్తుంది కదా. దించిన పాత ఫ్యాన్లను అటక మీద భద్రంగా పెట్టి, వెళ్లే ముందు తిరిగి బిగించాలి. ఈ ఫ్యాన్లు రిమోట్‌తో నడుస్తాయి, గోడ మీది పాత రెగ్యులేటర్‌ను ఎలక్ట్రీషియన్‌తో బైపాస్ చేయించాలి. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్ల మీద స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది కాబట్టి దుకాణదారు మాటకంటే లేబుల్ చూసి కొనడం మేలు.

పొదుపు పనికిరాని చోటు ఒకటుంది. రెండు వేల వాట్ల గీజరుగానీ ఇండక్షన్ స్టవ్‌గానీ తొమ్మిది ఆంపియర్ల దాకా కరెంటు లాగుతాయి. పాత అపార్ట్‌మెంట్లలో ఉండే ఆరు ఆంపియర్ల సాకెట్‌కు, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు వాటిని తగిలిస్తే వైరు వేడెక్కి కాలుతుంది. ఎంసీబీ పదేపదే పడిపోతోందని పెద్ద ఎంసీబీ వేయించేవాళ్లున్నారు. ఎంసీబీ పడేది వైరును కాపాడటానికే. దాన్ని పెంచి వైరును అలాగే ఉంచితే ప్రమాదాన్ని గోడలో పెట్టుకున్నట్టే. వైరింగు యజమానితోనే చేయించాలి, కుదరకపోతే ఆ ఉపకరణం లేకుండా గడపాలి.

పైఅంతస్తులో ఉండేవారికి మరో సమస్య వేసవి వేడి. డాబా మీద తెల్లని సున్నపు పూతగానీ, వేడిని తిప్పికొట్టే రంగుగానీ వేస్తే గది చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ ఆలోచనతోనే. డాబా యజమానిది కాబట్టి ఖర్చు ఆయనదే కావాలి, కనీసం సగమైనా. ఏసీ కొనడంతో పోలిస్తే అద్దెదారు పెట్టే సగం ఖర్చు కూడా చిన్నదే.

బాత్‌రూం, వంటిల్లు

కొత్తగా దిగిన ఇంట్లో బాత్‌రూం చూసి మొదట చేసే పని యాసిడ్ సీసా కొనడం. ఒక్క పూటలో టైల్స్ తళతళలాడతాయి గానీ, యాసిడ్ టైల్స్ మధ్య సిమెంటును తినేస్తుంది. ఆ సందుల్లోంచి నీరు దిగి కింది అంతస్తువారి సీలింగ్ తడుస్తుంది. మొజాయిక్, పాలరాతి నేలలైతే మెరుపు శాశ్వతంగా పోతుంది. యాసిడ్‌తో పాటు బ్లీచింగ్ పౌడర్ వాడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్‌రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. బోరు నీటి తెల్ల మచ్చలకు వెనిగర్‌లోనో నిమ్మ ఉప్పు నీళ్లలోనో ముంచిన గుడ్డను కుళాయికి చుట్టి గంటసేపు ఉంచితే చాలు. నల్లబడ్డ టైల్ సందుల్లో పాత గ్రౌట్ గీకేసి కొత్తది నింపడం సగం రోజు పని, ఖర్చు కొన్ని వందలు. వంటింట్లో స్టవ్ వెనుక అంటించే స్టిక్కర్లు చూడటానికి బాగుంటాయి. నూనె, వేడి తగిలి ఆరు నెలల్లో అంచులు లేస్తాయి, జిగురు మాత్రం టైల్‌కు ఉండిపోతుంది. ఒక స్టీలు రేకును గోడకు ఆనించి నిలబెట్టినా అదే పని జరుగుతుంది.

అరలు లేని వంటింటికి స్లాటెడ్ యాంగిల్ ర్యాకు అంత మేలైనది లేదు. కిరాణా కొట్లలో కనిపించే ఇనుప ర్యాకే అది. కావలసిన ఎత్తుకు కోయించి, నట్లు బోల్టులతో బిగించుకోవచ్చు, ఇల్లు మారినప్పుడు విప్పి కట్ట కట్టుకోవచ్చు. దోమల బెడదకు కిటికీ చట్రానికి వెల్‌క్రోతో అంటించే వల కూడా ఇలాంటిదే. అయితే మరో ఇంటి కిటికీ కొలత వేరుగా ఉంటుంది కనుక కాస్త పెద్దగా కొనాలి.

సామాను: ఎన్నిసార్లు విప్పి బిగించవచ్చు?

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు కనిపించే మంచాలు, బల్లలు, టీవీ యూనిట్లు చాలావరకు పార్టికల్ బోర్డుతో చేసినవి. చెక్కపొట్టును జిగురుతో నొక్కి తయారుచేసే ఈ బోర్డుకు నీరు తగిలితే ఉబ్బుతుంది, ఒకసారి విప్పిన స్క్రూ మళ్లీ గట్టిగా పట్టదు. సొంతింట్లో ఒకేచోట ఉంటే కొన్నేళ్లు నడుస్తుంది. రెండేళ్లకోసారి ఇల్లు మారే కుటుంబంలో రెండో మార్పుకే ఊగడం మొదలవుతుంది. అద్దెదారు అడగాల్సింది ధర ఎంత అని మాత్రమే కాదు, ఎన్నిసార్లు విప్పి బిగించవచ్చు అని కూడా. ఇనుము, గట్టి కర్ర, వెదురు, ప్లాస్టిక్ కుర్చీలు ఈ పరీక్షలో నెగ్గుతాయి. నవారు మంచం ఎప్పటి నుంచో నెగ్గుతూనే ఉంది.

పాత టేకు సామాను కొత్త పార్టికల్ బోర్డు ధరకే దొరకడం మన నగరాల్లో మామూలే. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజార్, చెన్నైలో పల్లావరం శుక్రవారం సంత, ఢిల్లీలో అమర్ కాలనీ ఇందుకు పేరున్నవి. అక్కడ బేరమాడిన ధరకు ట్రాలీ ఆటో కిరాయి, వడ్రంగి కూలి, పాలిష్ కలిపాకే అసలు ధర తేలుతుంది. కర్రను గోటితో నొక్కి, కాళ్ల అడుగున పుచ్చు ఉందేమో చూడాలి. మంచం కీళ్లలో, సందుల్లో నల్లులు ఉన్నాయేమో టార్చ్ వేసి వెతకాలి, ఒకసారి ఇంట్లోకి వస్తే వాటిని వదిలించుకునే ఖర్చు మంచం ధరను దాటుతుంది. ఇదే కారణంగా పాత పరుపు ఎంత చౌకగా వచ్చినా కొనకూడదు. దూది పరుపుకు ఒక సౌలభ్యం ఉంది. అణిగిపోయాక పారేయనక్కర్లేదు, దూది ఏకించి కొత్త గుడ్డ కుట్టిస్తే మళ్లీ పరుపే.

బెంగళూరులో మొదలైన ఫర్లెంకో, రెంటోమోజో లాంటి సంస్థలు సామానునే అద్దెకిస్తున్నాయి. మంచం, పరుపు కొంటే రూ.18,000 అవుతుందని, అద్దె నెలకు రూ.900 అని అనుకుంటే ఇరవై నెలల్లో కొన్నంత కట్టేసినట్టు. ఏడాదిలోపు బదిలీ కావొచ్చన్న ఉద్యోగికి అద్దె లాభం, రెండేళ్లు దాటి ఉండే కుటుంబానికి కొనడమే లాభం. మధ్యలో వాపసు ఇస్తే కట్టాల్సిన రుసుము, గీతలు పడితే కోత ఎంతో ముందే చూసుకోవాలి.

అన్నీ ఒకేసారి కొనకపోవడం కూడా పొదుపే. మొదటి నెలకు పడుకోవడానికి పరుపులు, వంటకు పొయ్యి గిన్నెలు, కిటికీలకు తెరలు, బట్టలకు ఒక బీరువా ఉంటే ఇల్లు నడుస్తుంది. నెల గడిచాక ఎండ ఏ కిటికీలోంచి వస్తుందో, అందరూ ఎక్కడ కూర్చుంటున్నారో తెలుస్తుంది. సోఫా కోసం అనుకున్న చోట చాపే సుఖంగా ఉందని తేలే ఇళ్లు తక్కువేమీ కాదు.

చివరి రోజు

అడ్వాన్సు తిరిగి రావడం చివరి రోజు కంటే మొదటి రోజు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. సామాను దించకముందే ప్రతి గదినీ, పగిలిన ప్రతి టైల్‌నూ, తలుపుల అడుగు అంచులనూ, సింకు కిందనూ వీడియో తీసి అదే రోజు యజమానికి వాట్సాప్‌లో పంపాలి. తర్వాత ఏ మార్పు చేసినా, ‘మీరు సరేనన్న ప్రకారం వంటింట్లో ర్యాకు బిగిస్తున్నామండీ, వెళ్లేటప్పుడు తీసుకెళ్తాం’ అని ఒక్క సందేశం, దానికి ఆయన జవాబు ఉంటే చాలు. నోటిమాట ఇచ్చిన యజమాని మంచివాడే కావచ్చు, రెండేళ్ల తర్వాత లెక్క చూసేది ఆయన కొడుకు కావచ్చు.

ఖాళీ చేసేటప్పుడు ముందు గీజరు, ఫ్యాన్లు, ర్యాకులు, వలలు విప్పి, పాతవి తిరిగి బిగించాలి. మేకుల రంధ్రాలను పుట్టీతో నింపాలి. కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసుకోవాలి. యజమానితో కలిసి ఇల్లంతా ఒకసారి తిరిగి, కోతలేమైనా ఉంటే అక్కడికక్కడే కాగితం మీద రాయించుకున్నాకే తాళంచెవి ఇవ్వాలి. నమూనా చట్టం ప్రకారం ఇల్లు స్వాధీనం చేసుకునేటప్పుడే న్యాయమైన కోతలు పోను అడ్వాన్సు తిరిగి ఇచ్చేయాలి. ఆ చట్టం అమల్లో లేని రాష్ట్రాల్లో ‘తర్వాత పంపిస్తాం’ అన్న మాట నెలల తరబడి సాగకుండా ఉండాలంటే, ఎన్ని రోజుల్లో ఎంత తిరిగి ఇవ్వాలో అంకెల్లో రాసిన వాక్యం మొదటి ఒప్పందంలోనే ఉండాలి.